రేడియో చాటు చిలకలు

మా పై అంతస్తులో ఉండే రేడియో మామయ్యకి చెవుడని నేను చాలాకాలం నమ్మాను. నమ్మక ఏం చెయ్యను? పొద్దున లేచింది మొదలు చీకటి పడేదాకా ఆ ఇంట్లో రేడియో మోగుతూనే ఉండేది. వార్తలు, పాటలు, వాతావరణం, మళ్ళీ అవే వార్తలు. నా కుట్టుమిషను సరిగ్గా వాళ్ళ ముందుగది కింద ఉంటుంది. ఒక మధ్యాహ్నం ఎవరిదో కోటుకి లైనింగు కుడుతూ, ఒకే చోట పదేపదే తప్పు కుట్టి, విప్పి, ఒళ్ళు మండి, చేతిలో కత్తెర ఉందన్న సంగతి కూడా మర్చిపోయి మెట్లెక్కి తలుపు బాదాను.

తలుపు జానెడు తెరుచుకుంది. ఆ సందులో మామయ్య అక్క మొహం కనిపించింది. నేను ఆవిడని అత్తయ్యా అంటాను. ముందు కత్తెర వైపు చూసి, తర్వాత నా వైపు చూసింది.

"పొడవడానికి వచ్చావా, మాట్లాడ్డానికి వచ్చావా?"

"ఆ రేడియో కాస్త తగ్గించమనండి అత్తయ్యా. నా చెవులు చిల్లులు పడుతున్నాయి."

"వాడికి చెవుడమ్మా. నేను గొంతు చించుకున్నా వినపడదు. రేడియో మాత్రం వినపడుతుంది. అదేం చెవుడో నాకూ అర్థం కాదు."

"ఇంత ఉక్కలో కిటికీలన్నీ మూసుకుని ఎలా ఉంటున్నారు?"

"దుమ్ము" అని తలుపేసేసింది.

నేను కిందకొచ్చి చెవుల్లో దూది పెట్టుకుని కోటు పూర్తి చేశాను.

చెవుడూ లేదు, పాడూ లేదు. మామయ్యవి పాము చెవులు. ఆ రేడియో ఉన్నది ఆయన వినడానికి కాదు, మేం ఇంకోటి వినకుండా ఉండడానికి. లోపలిగదిలో గోడ పొడుగునా పంజరాలు, వాటిల్లో ఈకలైనా సరిగ్గా మొలవని చిలకపిల్లలు. ఆకలేస్తే అవి పెట్టే గోల అంతా ఇంతా కాదు. ఆ గోల కిటికీ దాటితే మామయ్య జైలుకి పోవాలి. అందుకే రేడియో, అందుకే మూసిన కిటికీలు. ఇదంతా నాకు తెలిసేసరికి జరగాల్సింది జరిగిపోయింది. తర్వాత ఆయనే నా మిషను పక్కన స్టూలు మీద కూర్చుని ఒకరోజు కొంత, ఇంకోరోజు కొంత చెప్పాడు.

మామయ్య కుర్రతనంలో పక్షుల బజారులో ఒక కొట్లో పంజరాలు కడిగే పనికి చేరాడు. అప్పట్లో ఆ బజారు పట్టపగలే నడిచేది. ఆ కొట్టు యజమానికి ఒక విద్య ఉండేది. నానబెట్టిన శనగలు మెత్తగా నమిలి, పెదాలు ముందుకు చాపితే, చిలకపిల్ల వచ్చి ఆయన నోట్లోంచి తినిపోయేది. తల్లి చిలక పెట్టేదీ అలాగే కదా, తన గొంతులోంచి పిల్ల గొంతులోకి. చెంచాతో పెట్టిన పిల్ల బతుకుతుంది గానీ మనిషిని చూస్తే బెదురుతుంది. నోటితో పెట్టిన పిల్ల మనిషి పెదాలనే తల్లి ముక్కు అనుకుంటుంది. అలా మచ్చికైన పిల్లలంటే కొనేవాళ్ళు ఎగబడేవారు. ఆ విద్య మామయ్యకి అబ్బినట్టు ఇంకెవరికీ అబ్బలేదు. యజమాని ఆయన్ని ఆకాశానికెత్తేవాడు. ఒక చలికాలం జ్వరంతో దగ్గీ దగ్గీ ఆ యజమాని పోయాడు. సిగరెట్ల వల్ల పోయాడని అందరూ అన్నారు, మామయ్యా అలాగే అనుకున్నాడు.

తర్వాత అడవి పక్షుల్ని అమ్మితే ఊరుకోమని అటవీశాఖ వాళ్ళు బజారు మీద పడ్డారు. కొట్లు మూతపడ్డాయి. వ్యాపారం మూతపడిందా అంటే, అదేం లేదు. బజారులోంచి ఇళ్ళలోకీ ఫోన్లలోకీ దూరింది. కొనేవాళ్ళు ఎక్కడికి పోతారు? వాళ్ళకి సోఫా పక్కన పచ్చగా ఒకటి కూర్చుని హలో అనాలి. అది ఏ చెట్టు తొర్రలోంచి వచ్చిందో, దాని తోడబుట్టినవి దారిలో ఏ సంచిలో ఊపిరాడక చచ్చాయో వాళ్ళకెందుకు? ఇప్పటికీ ఎవరింట్లోనైనా పంజరం కనపడితే నేను కొలతలు తీసుకోకుండానే లేచి వచ్చేస్తాను. నాలుగు బేరాలు పోయినా సరే.

కొట్టు పోయాక మామయ్య దగ్గరికి బుట్టలాయన వచ్చాడు. కూరగాయల బుట్ట పట్టుకుని మెట్లెక్కేవాడు. పైన ఆకుకూరలు, కింద గుడ్డసంచి, సంచిలో పిల్లలు. ఆయన అసలు పేరేమిటో ఆయన చెప్పలేదు, మామయ్య అడగలేదు. పిల్లలు వచ్చేవి. పెదాల దగ్గర తినడం నేర్చుకునేవి. ఒంటి నిండా ఈకలొచ్చి, భుజమెక్కి చెవి కొరికేంత చనువు వచ్చేసరికి బుట్టలాయన మళ్ళీ వచ్చి పట్టుకుపోయేవాడు. మామయ్య దేనికీ పేరు పెట్టలేదు. పేరు పెడితే పంపలేనని ఆయన భయం. పట్టుకుపోయిన రోజు మాత్రం ఖాళీ పంజరాలు కడిగి, ఆరబెట్టి, వాటి ముందే కూర్చునేవాడట. రేడియో అవసరం లేకపోయినా పెట్టుకునేవాడట.

ఒక్కటి మాత్రం ఉండిపోయింది. దాని కాలు వంకర. ఇది ఎవడిక్కావాలని బుట్టలాయన వదిలేసి పోయాడు. మామయ్య దాన్ని కుంటిదీ అని పిలిచేవాడు. అది పేరు కాదు, ఊరికే పిలుపు అనేవాడు. అది ఏనాడూ పంజరంలో ఉండలేదు. మామయ్య భుజం మీదే ఉండేది, ఆయన నోట్లోంచే తినేది. పెద్దదయ్యాక కూడా.

అత్తయ్య భర్త పోయాక తమ్ముడి దగ్గరికి వచ్చి చేరింది. ఆవిడకి ఒక కూతురు ఉంది. ఊరికి అవతలి కొసలో కాపురం. ఎక్కువగా రాదు. అత్తయ్యకి పక్షులంటే గిట్టదు.

"పెళ్ళి చేసుకోరా అంటే విన్నావా? ఇప్పుడు చూడు, లోకంలో ఉన్న పిల్లలందరికీ తల్లయి కూర్చున్నావు!" అని రోజూ ఒక విడత తిట్టేది. తిడుతూనే పంజరాల కింద ఊడ్చేది. తడిగుడ్డ పెడితే కంపు కొడుతుందని పొడి చీపురుతోనే ఊడ్చేది. పంజరాల మీద కప్పే గుడ్డల్ని గదిలోనే దులిపేది, బాల్కనీలో దులిపితే ఈకలు నా గుమ్మం ముందు పడతాయని. ఎండిన రెట్టల పొడి ఆ మూసిన గదిలో అలా లేచి, అలాగే ఉండేది. మామయ్య నోట్లో నాలుక లేని మనిషి. ఆవిడ తిడుతుంటే శనగలు నములుతూ వినేవాడు. నోరు ఎప్పుడూ నిండుగా ఉండేది కాబట్టి ఎదురుచెప్పే పని కూడా ఉండేది కాదు.

ఆ చలికాలం బుట్టలాయన తెచ్చిన పిల్లలు తేడాగా ఉన్నాయి. ఈకలు ఉబ్బించుకుని, కళ్ళు సగం మూసుకుని కూర్చునేవి. రెట్ట పచ్చగా, నీళ్ళగా. చెంచా చూపిస్తే మొహం తిప్పుకునేవి. మామయ్యకి తెలిసిన వైద్యం ఒకటే. ఇంకాస్త మెత్తగా నమిలి, ఇంకాస్త ఎక్కువసార్లు నోటితో పెట్టాడు. కొన్ని పోయాయి. కొన్ని తేరుకున్నట్టే కనిపించాయి. అవి తేరుకుంటుండగా అత్తయ్యకి జ్వరం తగిలింది. తల పగిలిపోయే నొప్పి, పొడి దగ్గు. పాటకీ పాటకీ మధ్య ఆ దగ్గు నా మిషను దాకా వినపడేది.

ఒక పొద్దున మామయ్య నా గుమ్మంలో నిలబడ్డాడు. ఆయన మా ఇంటికి రావడం అదే మొదటిసారి.

"అమ్మాయ్, అక్క లేవడం లేదు."

"ఏమైంది మామయ్యా?" అని నేను చెవిటివాళ్ళతో మాట్లాడినట్టు అరిచాను.

"మెల్లిగానే చెప్పు తల్లీ. వినపడుతుంది."

ఆశ్చర్యపోయే తీరిక లేదు. నేనూ ఆయనా కలిసి ఆవిడని చెరో భుజం పట్టి దించాం. ఆవిడ రొప్పుతూనే, "తలుపు తాళం వేశావా?" అని అడిగింది. టాక్సీలో పెద్దాసుపత్రికి తీసుకెళ్ళాం. నేను మందుల కిటికీ దగ్గర వరసలో నిలబడ్డాను. అప్పుడే మంచం దగ్గర డాక్టరమ్మ అడిగిందట, ఇంట్లో పక్షులు గానీ జంతువులు గానీ ఉన్నాయా అని.

మామయ్య నోరు తెరిచేలోపు అత్తయ్య మొహం మీది మాస్కు పక్కకి లాగింది.

"మా ఇంట్లో మా తమ్ముడు తప్ప వేరే జీవం లేదమ్మా" అంది. ఆ ఒక్క మాటకే ఆయాసంతో కళ్ళనీళ్ళు వచ్చాయి. డాక్టరమ్మ నవ్వి రాసుకుంది.

చూశారా, ఆ పక్షుల్ని తిట్టకుండా ఆవిడ ఒక్కరోజు గడపలేదు. కానీ తమ్ముడిని పోలీసులు పట్టుకుపోతారంటే, ఉన్న కాస్త ఊపిరీ పెట్టి అబద్ధమాడింది.

మర్నాటికి అత్తయ్య పరిస్థితి ఇంకా దిగజారింది. ఇస్తున్న మందు పనిచెయ్యడం లేదు, ఎందుకో అంతు చిక్కడం లేదు, ఇలాగే ఉంటే ఊపిరి యంత్రం పెట్టాలి, ఈ వయసులో దాన్నుంచి బయటపడతారని చెప్పలేం అన్నారు. నేను అక్కడే కూర్చున్నాను. మామయ్య ఇంటికెళ్ళాడు. ఎందుకెళ్ళాడో నాకప్పుడు తెలియదు. పిల్లలకి మేత పెట్టాలి కదా.

లోపలిగదిలో ఇంకో పిల్ల చచ్చి పడుంది. మిగిలినవి ఆయన్ని చూడగానే గోల మొదలుపెట్టాయి. కుంటిది ఎగిరొచ్చి భుజం ఎక్కింది. ఆయన శనగలు నోట్లో వేసుకుని నమలడం మొదలుపెట్టాడు. మూల అత్తయ్య చీపురు ఆనించి ఉంది. దాని పుల్లల నిండా తెల్లటి పొడి. ఆయన దాన్నే చూస్తూ నమిలాడట. చచ్చిపోయిన యజమాని దగ్గు గుర్తొచ్చిందట. ఆయన పోయిన ఏడు కూడా కొట్లో పిల్లలు ఇలాగే ఈకలు ఉబ్బించుకున్నాయి. ఇన్నేళ్ళలో ఆ రెండింటినీ కలిపి చూడాలన్న ఆలోచన ఆయనకి రాలేదు.

అంతలో ఫోను మోగింది. బుట్టలాయన.

"మీ అక్కని ఆసుపత్రిలో వేశారటగా. ఎవరేం అడిగినా నోరు మెదపకు. ఒక్క మాట జారిందంటే నువ్వే లోపలికి పోతావు, నాకేం కాదు."

నోటి నిండా మేత ఉంది కాబట్టి మామయ్య ఏమీ అనలేదు. ఫోను పెట్టేసి, పిల్లలన్నిటికీ పెట్టాడు. కుంటిదానికి చివర పెట్టాడు. అది తిని ఆయన మీసం సర్దింది. అదే ఆఖరిసారి అని దానికి తెలియదమ్మా, నాకు తెలుసు అని నాతో అన్నాడు మామయ్య.

ఆయన తిరిగి వచ్చేసరికి నేను వసారాలో డాక్టరమ్మతో మాట్లాడుతున్నాను. ఆయన మా ఇద్దరి మధ్యకి వచ్చి చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"నిన్న మీరు అడిగారు కదండీ, పక్షులున్నాయా అని. ఉన్నాయి. ఇంటినిండా ఉన్నాయి. అడవి చిలకలు. మా అక్క నాకోసం లేవని చెప్పింది."

నాకు తెలిసిందీ అప్పుడే. ఇన్నాళ్ళ రేడియో, ఉక్కలో మూసిన కిటికీలు, జానెడు తలుపు, అన్నీ ఒక్కసారి అర్థమయ్యాయి. ఆయన్ని అక్కడే నిలబెట్టి కడిగెయ్యాలనిపించింది.

డాక్టరమ్మ కేకలెయ్యలేదు. చకచకా ప్రశ్నలు వేసింది. పిల్లలు ఎలా ఉన్నాయి, చచ్చాయా, గది ఎవరు ఊడుస్తారు, మేత ఎవరు పెడతారు. నోటితో పెడతానని మామయ్య చెబితే ఆవిడ రాస్తున్న చెయ్యి ఆగిపోయింది.

"చిలకల నుంచి మనిషికి అంటుకునే జబ్బు ఒకటుంది. ఎండిన రెట్ట పొడి గాలిలో లేస్తే ఊపిరితిత్తుల్లోకి పోతుంది. దానికి మందు వేరే. మేం ఇస్తున్నది దానికి పనిచెయ్యదు. పరీక్షకి పంపుతాను గానీ, ఆ ఫలితం కోసం ఆగను. ఇప్పుడే మందు మారుస్తాను."

"నోట్లో పెట్టుకున్నది నేను కదండీ. రావాల్సింది నాకు కదా?"

"మీకూ వచ్చే ఉంటుంది. కొందరిలో పైకి కనపడదు. మీకూ మాత్రలు రాస్తాను." వెళ్ళబోతూ ఆగి, "ఈ సంగతి పైవాళ్ళకి చెప్పక తప్పదు నాకు" అంది.

"చెప్పండి" అన్నాడు మామయ్య.

వాళ్ళు వచ్చిన పూట వీధి వీధంతా కిటికీల్లో ఉంది. తల నుంచి పాదాల దాకా తెల్లటి బట్టలు తొడుక్కుని ఆరోగ్యశాఖ వాళ్ళు, వెనక అటవీశాఖ వాళ్ళు. మామయ్యకి కూడా మూతికి మాస్కు కట్టారు. పంజరాలు ఒక్కొక్కటే మెట్లు దిగాయి. ఆ రోజు రేడియో లేదు. మేమందరం మొదటిసారి ఆ పిల్లల గోల విన్నాం.

కుంటిది మాత్రం ఎవరి చేతికీ చిక్కలేదు. చివరికి మామయ్య భుజం మీదే వాలింది. మీరే పట్టివ్వండి అన్నారు. చుట్టూ ఉన్న అరుపులకి బెదిరి ఉందేమో, అది ఆయన బుగ్గ మీదుగా మెడ చాచి నోటి కోసం వెతికింది. అక్కడ నోరు లేదు, మాస్కు ఉంది. ముక్కుతో ఒకసారి పొడిచింది. అంచు పట్టుకుని లాగింది. మళ్ళీ పొడిచింది. మామయ్య రెండు చేతులతో దాన్ని పట్టుకుని పంజరంలో పెట్టాడు.

"మీరు నోటితో పెడతారా?" అని అడిగాడు అటవీశాఖ వాళ్ళలో ఒకామెను.

"పెట్టం. పెట్టకూడదు."

"పెట్టొద్దు" అని తల ఊపాడు. "మరి తింటుందా?"

ఆమె పంజరం మీద గుడ్డ కప్పింది.

కేసు పెట్టారు. తనంతట తనే చెప్పాడని, వయసు చూసి, గట్టిగా హెచ్చరించి వదిలేశారు. బుట్టలాయన ఆ ఫోను నంబరుతో సహా మాయమయ్యాడు. ఎక్కడో ఇంకో మూసిన కిటికీ వెతుక్కుని ఉంటాడు. పిల్లల్లో సగం పోయాయని, మిగతావాటికి మందులిచ్చి, ఎగరడం వస్తే అడవిలో వదులుతారని కబురొచ్చింది. కుంటిదాన్ని వదిలే వీల్లేదు కాబట్టి విడిగా ఉంచుతారట. చూడ్డానికి ఎవరినీ రానివ్వరు.

అత్తయ్య బతికింది. కొత్త మందు పడ్డాక జ్వరం దిగింది, మాట వచ్చింది. వచ్చిన మొదటి మాట తిట్టే.

"నేను నీకోసం అబద్ధమాడితే, నువ్వు పోయి నన్ను అబద్ధాలకోరుని చేస్తావురా?"

"నువ్వుంటేనే కదక్కా, నన్ను ఎవరైనా తిట్టేది" అన్నాడు మామయ్య. ఆవిడ అటు తిరిగి పడుకుంది. భుజాలు కదులుతుంటే ఏడుస్తోందని మాకు తెలిసింది.

ఆవిడ మళ్ళీ మా మెట్లెక్కలేదు. ఊపిరితిత్తులు దెబ్బతిన్నాయి, ఇన్ని మెట్లు ఎక్కకూడదన్నారు. కూతురు వచ్చి ఆసుపత్రి నుంచే తీసుకుపోయింది. ఆ అమ్మాయికి చంటిపిల్ల ఉంది. జబ్బు తగ్గిందనీ, ఇప్పుడు మామయ్య వల్ల ఎవరికీ అంటుకోదనీ డాక్టరమ్మ చెప్పినా ఆ అమ్మాయికి మనసొప్పలేదు. మామయ్య వెళితే పైకి రానివ్వకుండా కింద నుంచే పంపించేసేది. అక్క బాల్కనీలో, తమ్ముడు వీధిలో. ఆవిడ గొంతులో బలం లేదు, అంత పైనుంచి మాటలు కిందకి దిగవు. మామయ్య వినపడినట్టే తలూపి వచ్చేవాడు.

"ఏమన్నారు మామయ్యా అత్తయ్య?"

"తిట్టిందిలే" అనేవాడు సంతోషంగా.

మొన్న ఆయన చొక్కా కుట్టి ఇద్దామని పైకి వెళ్ళాను. భుజం దగ్గర గోళ్ళు గీరి చిల్లులు పడిన చొక్కా అది. అతుకు వెయ్యనా అంటే వద్దన్నాడు, అంచు మాత్రం మడిచి కుట్టమన్నాడు. తలుపు బార్లా తీసి ఉంది. కిటికీలు కూడా. గోడ కడిగిన మందు వాసన ఇంకా పోలేదు. రేడియో మీద గుడ్డ కప్పి ఉంది. మిషను ఆపితే ఈ మధ్య పైనుంచి చప్పుడే రావడం లేదని, ఆ నిశ్శబ్దానికి నేను కుట్టు తప్పుతున్నానని ఆయనతో చెబుదామనుకున్నాను.

మామయ్య కిటికీ దగ్గర కుర్చీలో వీపు నావైపు పెట్టి కూర్చున్నాడు. పక్కన గిన్నెలో నానబెట్టిన శనగలు. దవడ కదులుతోంది. మెత్తగా, చాలాసేపు నమిలాడు. నమిలి, తల కొంచెం భుజం వైపు వంచి, పెదాలు ముందుకు చాపాడు. అలాగే ఉన్నాడు.

"ఎవరికి మామయ్యా?" అన్నాను. అనకుండా ఉండాల్సింది.

ఆయన ఉలిక్కిపడి నావైపు తిరిగాడు. నోటి నిండా ఉంది, మాట్లాడే వీలు లేదు. ఒక్క క్షణం చూసి, కళ్ళు దించుకుని, మింగేశాడు.